పది రూపాయల లోపు నిధి



తెల్లదొరలు 1878లో చేసిన చట్టం ఒకటి మన దేశంలో ఇంకా అమల్లో ఉంది. దాన్ని నిక్షేపాల చట్టం అంటారు. నేలలో దాగిన సొత్తు ఎవరికైనా దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని అందులో ఉంది. ఆ కాలంలో పది రూపాయలంటే చిన్న మొత్తం కాదు. ఇప్పుడు ప్రొద్దుటూరు బస్టాండులో ఒక టీకి సరిపోతుంది. ఈ పూట నేను చెప్పబోయేది ఆ పది రూపాయల లోపల తయారయ్యే నిధి సంగతి. ఒకటి రెండు రూపాయలు ఎక్కువైనా భయం లేదు, ఎందుకంటే దీన్ని నేలలో పాతకూడదు. అది ఈ ఆట మొదటి నియమం.

ఆట పేరు జియోక్యాషింగ్. ఒకరు ఒక చిన్న డబ్బాలో కాగితం చుట్ట, పిల్లలు ఇష్టపడే వస్తువులు నాలుగు పెట్టి, నలుగురూ తిరిగే చోటే కంటపడకుండా దాస్తారు. ఆ చోటి అక్షాంశం, రేఖాంశం అందరికీ చెబుతారు. మిగతావాళ్ళు ఫోను చేతపట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. దొరికితే కాగితం మీద పేరు, తేదీ రాస్తారు. లోపలున్న వస్తువు ఒకటి తీసుకుంటే దానికి బదులు ఇంకొకటి పెడతారు. డబ్బాను మళ్ళీ ఎక్కడిదక్కడే ఉంచి వెళ్ళిపోతారు. తరువాత వచ్చేవాడు ఎవరో వీళ్ళకు తెలియదు.

ఇది పుట్టిన తేదీ కూడా కచ్చితంగా తెలుసు. అమెరికావాళ్ళ జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సంకేతాల్లో వాళ్ళ సైన్యం కావాలనే కొంత తప్పు కలిపి వదిలేది. మామూలు జనం చేతిలోని యంత్రం వంద మీటర్లు అటో ఇటో చూపేది. ఆ తప్పు కలపడం ఆపేస్తున్నట్టు 2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ ప్రకటించాడు. ఆ రాత్రికి రాత్రే యంత్రాల చూపు చక్కబడింది. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్ అడవిలో దాచి, దాని చోటు అంకెల్లో చెప్పి, దమ్ముంటే కనుక్కోండని అన్నాడు. మూడు రోజులు తిరక్కముందే ఇద్దరు కనుక్కున్నారు. బకెట్‌లో పుస్తకాలు, వీడియో క్యాసెట్లు, ఒక పంగలకర్ర, ఒక చిక్కుడుగింజల టిన్ను ఉన్నాయట. పంగలకర్ర సంగతి వింటే ఆ దొర మన ఊరి పిల్లలతో బాగా కలిసిపోయేవాడనిపిస్తుంది.

అల్మర్ ఆ బకెట్‌ను సగం నేలలో పాతిపెట్టాడు. తరువాత వచ్చినవాళ్ళు నియమాలు రాసుకునేటప్పుడు పాతే అలవాటును తీసేశారు. ఆట పుట్టించిన మనిషి చేసిన పనే ఆటలో నిషిద్ధమైంది.

ఇంతకు దాదాపు 150 ఏళ్ళ ముందరే ఇంగ్లండులో ఇలాంటిది ఒకటి జరిగింది. డార్ట్‌మూర్ అనే బీడు కొండల్లో, నడిచి చేరడమే కష్టమైన ఒక చోట, 1854లో జేమ్స్ పెరట్ అనే దారి చూపేవాడు ఒక సీసా పెట్టాడు. అక్కడిదాకా రాగలిగినవాళ్ళు తమ పేరున్న చీటీ అందులో వేసి వెళ్ళేవాళ్ళు. అప్పుడు ఉపగ్రహాలూ లేవు, ఫోన్లూ లేవు. ఉన్నది ఒక సీసా, దాని మూత. ఇవాళ్టికీ ఈ ఆట నిలబడేది ఆ రెండింటి మీదే. ఉపగ్రహాల సంగతి వాటిని పంపినవాళ్ళు చూసుకుంటారు. మన దేశం సొంత దారిచూపు ఉపగ్రహాల వరుసలో మొదటిది 2013 జూలై 1న మన శ్రీహరికోట నుంచే పైకెళ్ళింది. డబ్బా సంగతి మాత్రం మనమే చూసుకోవాలి.

డబ్బాల్లో కొలతలున్నాయి. లీటరులో పదోవంతు నుంచి లీటరు దాకా పట్టేది చిన్న డబ్బా. అంతకన్నా తక్కువ పట్టేవి సూక్ష్మం. చిటికెనవేలి గోరంతవి కూడా ఉంటాయి, వాటిలో కాగితం చుట్ట తప్ప మరేదీ పట్టదు. విదేశాల్లో ఈ ఆట కోసమే తయారుచేసి అమ్మే డబ్బాలున్నాయి. వాటిని తెప్పించుకుంటే రవాణా ఖర్చే డబ్బా ఖరీదును మించిపోతుంది. నన్నడిగితే ఆ అవసరమే లేదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల మూడూళ్ళూ ఒకసారి చుట్టి వస్తే మనకు కావలసినవన్నీ దొరుకుతాయి, అదీ చాలావరకు ఊరికే.

ఒకప్పుడు ప్రపంచమంతటా ఈ ఆటకు దొరికిన గొప్ప ఉచిత డబ్బా ఫోటో రీలు డబ్బా. నల్లటి ఒళ్ళు, బూడిదరంగు మూత, బొటనవేలంత పొడుగు. స్టూడియోలో అడిగితే గుప్పెడు ఇచ్చి పంపేవాళ్ళు. డిజిటల్ కెమెరాలు వచ్చాక రీళ్ళు పోయాయి, డబ్బాలూ పోయాయి. ఎవరింట్లోనైనా ఒకటి మిగిలి ఉంటే పెద్దమ్మ అందులో పసుపో, సూదులో పెట్టుకుని ఉంటుంది, ఆమెను అడక్కండి. నిజానికి అది అంత మంచి డబ్బా కూడా కాదు. మూత నొక్కుడు మూత, మన ఎండకు వదులైపోతుంది.

దానికన్నా వంద రెట్లు మేలైనది ఇప్పుడు మన ఊళ్ళల్లో చెత్తబుట్టలోకి పోతోంది. షుగరు చూసుకునే మిషను పట్టీల బుడ్డి. ప్రతి వీధిలోనూ షుగరు ఉన్నవాళ్ళున్నారు, వాళ్ళింట్లో ఆ మిషనుంది, నెలకో రెండు నెలలకో ఒక ఖాళీ బుడ్డి బయటపడుతుంది. ఆ పట్టీలు తేమ తగిలితే చెడిపోతాయి. అందుకని కంపెనీవాళ్ళు బుడ్డి లోపలి గోడకే తేమ పీల్చే పదార్థం పెట్టి, గట్టిగా టక్కుమని మూసుకునే మూత పెడతారు. అంటే మనకు కావలసిన పని వాళ్ళే చేసి పెట్టారు. లోపల సూదిముక్కలేవీ లేవని చూసుకుని, పైనున్న చీటీ నానబెట్టి తీసేస్తే చాలు. నీళ్ళల్లో వేస్తే బుస్సుమని పొంగే విటమిన్ మాత్రల గొట్టం కూడా ఇలాంటిదే. దాని మూతలోనే తేమ పీల్చే గింజలుంటాయి. కాస్త పొడుగు కాబట్టి పెన్సిల్ ముక్క కూడా పడుతుంది.

మరొక మంచి సరుకు మంచినీళ్ళ సీసాలు తయారుచేసే చోట దొరుకుతుంది. సీసా అవ్వకముందు అది ఒక మందపాటి గాజుగొట్టంలా ఉంటుంది. మూత మర మాత్రం పూర్తిసైజులో ఉంటుంది. దాన్నే వేడిచేసి గాలి ఊది సీసా చేస్తారు. వాళ్ళు దాన్ని ప్రీఫారం అంటారు. ఊదకముందు దాని గోడ సీసా గోడకన్నా ఎన్నో రెట్లు మందం. కాలితో తొక్కినా పగలదు. మామూలు నీళ్ళసీసా మూత దానికి సరిగ్గా పడుతుంది. విదేశాల్లో ఈ ఆట ఆడేవాళ్ళు వీటిని వెతికి వెతికి కొనుక్కుంటారు. మనకు తెలిసినవాళ్ళెవరైనా అలాంటి ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే గీత పడినవి, వంకర పోయినవి నాలుగు అడిగి తెచ్చుకోవచ్చు. ఒక్క మాట, ఇవి గాజులా కనబడినా ప్లాస్టికే. అసలు గాజు సీసాలు మాత్రం వద్దు. బాము సీసా, జలుబు మందు సీసా, ఇవి ఎంత ముద్దుగా ఉన్నా సరే. పశువులు తిరిగే చోట గాజు పగిలిందంటే వాటి గిట్టల్లో గుచ్చుకుంటుంది, ఆ పాపం డబ్బా దాచినవాడిదే.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళను రెండో బొంబాయి అంటాం కదా. అక్కడ మనం బంగారం కొనలేకపోయినా, బంగారం పెట్టిచ్చే చిన్న చిన్న జిప్పు కవర్లను మాత్రం కొనగలం. ముక్కుపుడక పట్టేంతవి, గొలుసు పట్టేంతవి, వందల కట్టగా అమ్ముతారు, కవరుకు పైసల్లో పడుతుంది. డబ్బా ఎంత మంచిదైనా, కాగితం చుట్టను ఇలాంటి కవర్లో పెట్టి డబ్బాలో పెడితే రెండో కాపలా. కవరు మాత్రం కొంచెం మందంగా ఉన్నది చూసుకోండి. పలచనిది రెండుసార్లు తీసి వేసేసరికి పట్టు వదిలేస్తుంది. ఉంగరాలకిచ్చే గుండ్రటి పారదర్శకపు డబ్బాలు చూడ్డానికి బాగుంటాయి గానీ వాటి మూతకు వాన ఆపే శక్తి లేదు. ఇంట్లో దాచే ఆటకైతే సరే.

పులివెందుల వైపు వెళితే చీనీ తోటలు, అరటి తోటలు, వాటితోపాటు డ్రిప్పు సామాన్ల అంగళ్ళు. పైపు కోయగా మిగిలిన జానెడు ముక్క, రెండు కొసలకూ రెండు మూతలు. ఒక మూతను సొల్యూషన్ పెట్టి శాశ్వతంగా అంటించండి, రెండోదానికి మర మూత తీసుకోండి. ఎండకూ వానకూ తట్టుకునే డబ్బా తయారు. పైపు ముక్క ఊరికే ఇస్తారు, మూతలకే డబ్బు. ఇలాంటిదే ఇంకొక దారి నాలుగు వైపులా క్లిప్పులుండే టిఫిన్ బాక్సు. మూత లోపల మెత్తటి రబ్బరు చుట్టు ఉంటుంది చూశారా, అది అసలు విలువైన భాగం. క్లిప్పు ఒకటి విరిగిందని ఇంట్లో పక్కనపడేసిన బాక్సులు వద్దు. మూడు క్లిప్పులతో చుట్టు సమంగా నొక్కుకోదు.

ఆవకాయ వచ్చే ప్లాస్టిక్ జాడీ, వెడల్పు మూతి కొబ్బరినూనె డబ్బా కూడా పనికొస్తాయి. ఎంత కడిగినా వాసన కొంత మిగులుతుంది కాబట్టి వేడినీళ్ళు, సబ్బుపొడి పోసి ఒక రాత్రి ఉంచండి, తరువాత మూత తీసి రెండు రోజులు ఎండలో పెట్టండి. మూత లోపల అట్టముక్క ఉంటే తీసిపారేయండి, అది నూనెంతా పీల్చుకుని ఉంటుంది. చీమలు మనకన్నా ముందే డబ్బా కనుక్కుంటే ఆట అక్కడితో సరి.

ఇక్కడ గట్టిగా చెప్పవలసింది ఒకటుంది. మా ఊరు పెద్దముడియం చుట్టుపక్కల శనగ పంట ఎక్కువ. చేలగట్ల మీద పురుగుమందు డబ్బాలు ఎన్నో పడి ఉంటాయి. గట్టి ప్లాస్టిక్, మంచి మర మూత, పైగా ఊరికే వస్తాయి. చూస్తే ఆశ పుడుతుంది. ముట్టుకోవద్దు. ఎన్నిసార్లు కడిగినా ఆ ప్లాస్టిక్‌లోకి దిగిన మందు పోదు. డబ్బా తెరిచేది పిల్లలు, తెరిచిన చేత్తోనే కళ్ళు నలుపుకునేదీ పిల్లలే.

ఇప్పుడు మూత సంగతికొస్తాను. నా లెక్కలో డబ్బాకు డబ్బు పెట్టడం దండగ, మూతకు పెట్టకపోవడం అంతకన్నా దండగ. దీనికి కారణం వానకన్నా ముందు మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. ఎండ తగిలే చోట మూసిన డబ్బాలో 60 దాకా పోవడం కష్టమేం కాదు. వేసవి తెల్లవారుజామున 27 డిగ్రీల దగ్గరున్న గాలి 60కి చేరితే పదకొండు శాతం దాకా పొంగుతుంది. అంటే 100 మిల్లీలీటర్ల డబ్బాలోంచి పదకొండు మిల్లీలీటర్ల గాలి ఎక్కడో సందు చూసుకుని బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే అంత గాలీ మళ్ళీ లోపలికి వస్తుంది, తేమను వెంటబెట్టుకుని. వానాకాలంలో ఇదే పని తడిగాలితో జరుగుతుంది. డబ్బా ఒళ్ళు ఎక్కడా పగలకపోయినా, చుక్క నీరు కూడా పైనుంచి దిగకపోయినా లోపలి కాగితం మెత్తబడిపోవడానికి కారణం ఇది. అందుకనే నల్ల డబ్బా కన్నా తెల్లది నయం, ఎండలో కన్నా నీడలో నయం. మూతకు సందు లేకపోవడం అన్నిటికన్నా నయం.

సందు పూడ్చడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. పంచరు అంగట్లో పాత సైకిల్ ట్యూబు అడిగితే ముక్క కోసి ఇస్తారు. దాన్ని శుభ్రంగా కడిగి, మూత లోపలి కొలతకు గుండ్రంగా కత్తిరించి, మధ్య భాగం తీసేసి చుట్టులాగా వేసుకోండి. మూత బిగించినప్పుడు అది నలిగి అంచును పట్టుకుంటుంది. మోటారు బండి ట్యూబు మందం ఎక్కువ, మూత మర అందదు. ట్యూబు మీద తెల్లటి పొడి ఉంటుంది, తుడవకుండా వేస్తే ఆ పొడి సందుల్లోంచే తేమ దారి చేసుకుంటుంది. రెండో పద్ధతి కొళాయిలు బిగించేవాళ్ళు మరలకు చుట్టే తెల్ల టేపు. పైపుల అంగట్లో ఒక చుట్ట పది ఇరవై రూపాయలకు వస్తుంది, ఎన్నో డబ్బాలకు సరిపోతుంది. మర తిరిగే వైపే రెండు చుట్లు చుట్టాలి. ఎదురు చుట్టితే మూత తిప్పేటప్పుడు పోగుపడి ఊడొస్తుంది. కానీ డబ్బా తెరిచినవాళ్ళు ప్రతిసారీ టేపు మళ్ళీ చుట్టరు కదా, అందుకని నా ఓటు ట్యూబు చుట్టుకే.

డబ్బా బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష చేయండి. లోపల డబ్బా మునిగేంత బరువున్న రాయి, పొడి దినపత్రిక ముక్క పెట్టి, మూత బిగించి, బకెట్ నీళ్ళల్లో ముంచి రాత్రంతా వదలండి. రాయి లేకపోతే డబ్బా పైకి తేలుతుంది, పరీక్ష జరగదు. మొదట వేడినీళ్ళల్లో కాసేపు ఉంచి, ఆ తరువాత చల్లటి నీళ్ళకు మార్చితే ఇంకా కఠినమైన పరీక్ష. మన ఎండా, వానా కలిసి చేసేది సరిగ్గా ఇదే కదా. పొద్దున మూత తీసే ముందు పైన బాగా తుడవాలి. లోపలి ముక్కను అరచేతిలో నలిపి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

లోపల పెట్టే కాగితం గురించి. అంగళ్ళల్లో బిల్లు మిషను కాగితం చుట్టలు చవకగా దొరుకుతాయి, వెడల్పు కూడా సరిగ్గా ఉంటుంది, కానీ పొరపాటున కూడా వాడకండి. ఆ కాగితం వేడికే నల్లబడే రకం, మిషను రాసేది కూడా వేడితోనే. మే నెల దాటేసరికి చుట్టంతా మసిబారి ఎవరి పేరూ కనబడదు. గీతలున్న నోటుపుస్తకం కాగితాన్ని పట్టీలుగా కోసి, ఒకదానికొకటి అంటించి చుట్టండి. అంచుల మీద కొవ్వొత్తి రుద్దితే తేమ అంచులోంచి ఎక్కదు. రాయడానికి పెన్సిలే. బాల్‌పెన్ను ఎండకు కక్కుతుంది, లేకపోతే ఎండిపోతుంది. పెన్సిల్ రాత నీళ్ళల్లో పడ్డా చెరగదు. వడ్రంగి చేతిలోనో, ఒకటో తరగతి పిల్లవాడి సంచిలోనో అరిగిపోయిన ముక్క ఎప్పుడూ ఉంటుంది. కొత్త చెప్పుల డబ్బాలో, సంచుల్లో వచ్చే తేమ పీల్చే గింజల పొట్లం ఒకటి పడేస్తే మంచిది. అవి నిండా పీల్చుకున్నాక గింజలను పొట్లంలోంచి తీసి పాత పెనం మీద సన్నటి మంటపై వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. నీలంగా ఉన్న గింజలు మాత్రం పిల్లల డబ్బాల్లో వద్దు, ఆ రంగులో విషముంటుంది.

ఇచ్చిపుచ్చుకునే వస్తువుల దగ్గర మన వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. గోలీలు, గవ్వలు, విరగని గాజులు, చొక్కా బొత్తాలు, పచ్చీసు పావులు. పావలా బిళ్ళలు ఇంట్లో పాత డబ్బాల అడుగున ఉండే ఉంటాయి. 2011 జూన్ 30 నుంచి పావలా, దానికన్నా చిన్న బిళ్ళలు చెల్లవు. బజారులో చెల్లని బిళ్ళకు ఈ డబ్బాలో మంచి గిరాకీ, పదేళ్ళ పిల్లలు అలాంటి నాణెమే చూసి ఉండరు. గురివింద గింజలు ఎర్రగా ఎంత అందంగా ఉన్నా పెట్టకండి, లోపలి పప్పు ప్రాణాంతక విషం. తినేవి ఏవీ వద్దు. బొరుగుల ఉండ, బెల్లం ముక్క, చాక్లెట్ ఎంత బిగించినా చీమలకు, ఉడుతలకు వాసన తెలుస్తుంది. కొండ గుళ్ళ దగ్గర కోతులుంటాయి, వాటికి మూత తిప్పడం కూడా వచ్చు.

ఇక దాచే చోటు. మా వైపు నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. వేసవిలో నెర్రె చూసి ఎంత బాగుందీ చోటు అనుకుని డబ్బా జారవిడిస్తే మళ్ళీ అది మన కంటపడదు. కుందూ ఒడ్డున, వంకల్లో దాచితే మొదటి ఏరు వచ్చినప్పుడు డబ్బా పెన్నలో కలిసి నెల్లూరు దాకా పోతుంది, అది ఎవరి చెరువుల్లోనో చెత్త అవుతుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాతి ముక్కలు గుట్టలు గుట్టలుగా ఉంటాయి. ఆ ముక్కల సందు మంచి చోటే, కానీ చేయి పెట్టే ముందు కర్రతో కదిలించాలి. తేలుకు కూడా అది మంచి చోటే. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, బావి గట్లు, రైలు పట్టాలు వద్దే వద్దు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం గుజిరీ అంగట్లో దొరుకుతుంది, ఇనుప గేటుకో బెంచికో డబ్బాను అంటించాలంటే అది చాలు. గేటు ఎవరిదో వాళ్ళనడిగి.

గండికోట పేరు వినగానే అందరికీ ఇదే ఆలోచన వస్తుంది. పెన్న లోయ అంచున అంతకన్నా గొప్ప చోటు ఎక్కడుంది. కానీ కోటలోని గుళ్ళు, మసీదు, ధాన్యాగారం పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడాలు. రాతి సందుల్లో డబ్బా ఇరికించడం, మేకు కొట్టడం, రాయి కదపడం ఏవీ కుదరవు. మా పెద్దముడియంలోనూ అంతే. తూర్పు చాళుక్యుల శాసనాల్లో కనిపించే ముదివేము అగ్రహారం మా ఊరేనని చరిత్రకారులు అంటారు, ఇక్కడ పాత శిల్పాలు దొరికాయి. అలాంటి చోట ఎవరైనా ఫోను పట్టుకుని రాళ్ళ మధ్య వంగి వంగి వెతుకుతుంటే ఊరివాళ్ళు ఏమనుకుంటారో వేరే చెప్పాలా. గుప్త నిధుల కోసం గుళ్ళు తవ్వేవాళ్ళ వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. పాత గుడికి, కోటకు కంటిచూపు దూరంలో ఉన్న మర్రిచెట్టునో, పంచాయతీ పార్కునో చూసుకోండి. వచ్చినవాళ్ళు డబ్బా వెతికాక గుడీ చూసి పోతారు.

మన రాయలసీమకు మాత్రమే వర్తించే మాట ఇంకొకటి ఉంది, అది దాచిపెట్టి మాట్లాడలేను. ఒకప్పుడు మన పల్లెల్లో గడ్డివాముల కిందా, బీళ్ళల్లోనూ బయటపడ్డ డబ్బాల్లో నాటు బాంబులుండేవని పెద్దవాళ్ళకు తెలుసు. ఆ రోజులు పోయినా, పొదలో మూసిన తగరం డబ్బా కనబడితే ఇప్పటికీ గుండె జారేవాళ్ళున్నారు. వాళ్ళ భయంలో తప్పు లేదు. కాబట్టి ఇక్కడ డబ్బా దాచేవాళ్ళు తగరం డబ్బా, టేపు చుట్టిన డబ్బా, తీగలు కట్టిన డబ్బా వాడకూడదు. పొదల్లో, బీళ్ళల్లో దాచేటప్పుడు లోపలున్నది బయటికి కనబడే పారదర్శకపు డబ్బానే వాడాలి. చవక, గట్టితనం ఆ తరువాతి మాట. ఒక చీటీ మీద తెలుగులో పెద్దక్షరాలతో రాయండి: ఇది పిల్లల వెతుకులాట ఆట డబ్బా, ప్రమాదం ఏమీ లేదు, చూసి మళ్ళీ ఇక్కడే పెట్టండి అని. ఆ చీటీ లోపలివైపు నుంచి బయటికి కనబడేలా అంటిస్తే వానకు పోదు. చేను ఎవరిదైతే ఆ రైతుకు, ఊళ్ళో నలుగురు పెద్దలకు ముందే చెప్పండి. పోలీసు స్టేషన్లో ఒక మాట చెప్పినా నష్టం లేదు.

ఊళ్ళో దాచే డబ్బాకు ఎండ తగలకుండా తొడుగు కావాలంటే పాత ఫ్లెక్సీ ముక్క బాగా పనికొస్తుంది. పుట్టినరోజులకీ, పండుగలకీ కట్టినవి ఊళ్ళో ఎప్పుడూ ఉంటాయి. తెల్లటి వెనకవైపు పైకి వచ్చేలా సంచి కుట్టుకోండి. ముందువైపు ఎవరి ముఖముందో చూసుకుని కత్తిరించండి. ఏ నాయకుడి తలనో తలకిందులుగా రాయి కింద పెట్టారన్న మాట బయటికి వస్తే ఆట పేరు మారిపోతుంది.

చోటు అంకెలు రాసుకునేటప్పుడు తొందర వద్దు. మా ఊరు సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటుంది. డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం, ఆ నిమిషంలో వెయ్యో వంతు తేడా వస్తే నేల మీద రెండు మీటర్ల లోపే. కాబట్టి నిమిషం తరువాత మూడంకెలు రాస్తే చాలు, అంతకన్నా ఎక్కువ రాసినా మన ఫోన్లకు అంత చూపు లేదు. ఆకాశం కనబడే చోట ఫోనును కాసేపు కదలకుండా ఉంచి, వేరే రోజు వేరే వేళ మళ్ళీ చూసి, రెండింటికీ మధ్య అంకె తీసుకోండి. దట్టమైన చెట్టు కిందా, ఎత్తైన గోడ పక్కనా అంకెలు ఊగుతాయి. అలాంటి చోట దాచితే వెతికేవాళ్ళకు ఒక చిన్న సూచన కూడా ఇవ్వండి.

ఏడాదికి రెండు తడవలు డబ్బా దగ్గరికి మీరే వెళ్ళాలి. ఒకటి ఉగాది తరువాత, ఎండలు ముదరకముందు. రెండోది కార్తీకం పోయాక, ఈశాన్య వానలు వెనక్కి తగ్గినప్పుడు. మూత తీసి కాగితం చేత్తో తడిమి చూడండి, తేమ గింజల పొట్లం మార్చండి, ట్యూబు చుట్టు గట్టిపడి బీటలు వారితే కొత్తది కోసి వేయండి. పెన్సిల్ ముక్క మాత్రం ఎవరో ఒకరు జేబులో వేసుకునే పోయుంటారు, ఇంకొకటి వెంట తీసుకెళ్ళండి.